ధర్మయ్యగారి కాళ్లు

ధర్మయ్యగారు ముప్పయ్యేళ్లుగా తెలుగు సినిమాల్లో వేషాలు వేస్తున్నారు. ఇన్నేళ్లలో ఒక్క సినిమాలోనూ ఆయన నిలబడలేదు. పరిశ్రమలో నిలదొక్కుకోలేదని కాదు. ఆ మాటా నిజమే గానీ, ఇప్పుడు చెబుతున్నది అచ్చంగా రెండు కాళ్ల మీద లేచి నిలబడటం గురించే. ఎప్పుడు చూసినా ఆయన ఓ బల్ల వెనక కూర్చుని ఉంటారు. జడ్జి అయితే సుత్తి కొడతారు. సీబీఐ అధికారి అయితే ఫైలు మూస్తారు. కేంద్రమంత్రి అయితే ఫోను పెట్టేసి కళ్లజోడు తీస్తారు. ఆ తర్వాత కెమెరా హీరో మీదికి వెళ్లిపోతుంది, ధర్మయ్యగారు ఇంటికి వెళ్లిపోతారు.

ఇల్లంటే ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఆకాశం కనపడని ఓ గల్లీలో ఉంది. కింద మెస్సు, పైన కాపురం. మెస్సు ఆయన భార్య కమలాకుమారిది. సివిల్స్ చదివే తెలుగువాళ్లు ఆవిడ గోంగూర పప్పు కోసం మెట్ల దాకా బారులు తీరతారు. ధర్మయ్యగారు ఓ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఇప్పుడు మెస్సులో గల్లాపెట్టె దగ్గర ఉంటారు. అంటే ఆఫీసులోనూ కూర్చున్నారు, సినిమాల్లోనూ కూర్చున్నారు, ఇంట్లోనూ కూర్చునే ఉన్నారు.

"కూర్చోడానిక్కూడా నటనని పేరెడితే, తెల్లారిందగ్గర్నుంచీ పొయ్యి ముందు నిలబడేదాన్ని, నన్నేమనాలండీ?" అంటుంది కమలాకుమారి. ఆవిడది తెనాలి. మాట సూటిగా వస్తుంది, పోపు కూడా అంతే.

ఈ నటన మొదలైంది కూడా ఆవిడ వంటతోనే. ముప్పయ్యేళ్ల కిందట ఓ సినిమావాళ్లు ఢిల్లీలో కోర్టు సీను తీస్తున్నారు. జడ్జి వేషం వెయ్యాల్సిన నటుడికి రైలు తప్పిపోయింది. యూనిట్‌కి భోజనం క్యారియర్లు మోసుకెళ్లిన ధర్మయ్యగారు అలసిపోయి, ఖాళీగా ఉంది కదా అని జడ్జి కుర్చీలో కూలబడ్డారు. ప్రొడక్షన్ మేనేజర్ రామమోహనరావు అటు చూసి ఆగిపోయాడు. విశాలమైన నుదురు, వెడల్పాటి భుజాలు, నిటారుగా వెన్ను.

"ఎవరండీ ఆయన? సాక్షాత్తూ న్యాయమే వచ్చి కూర్చున్నట్టుంది!" అన్నాడు.

నల్లకోటు తొడుక్కోవడానికి ధర్మయ్యగారు లేచినప్పుడు అసలు సంగతి బయటపడింది. దేవుడు ఆయన్ని చేసేటప్పుడు నడుం దాకా ఆరడుగుల మనిషికి సరిపడా చేసి, కాళ్ల దగ్గరికొచ్చేసరికి మట్టి చాలక ఉన్నదాంతో సర్దేశాడు. లేచి నిలబడితే బల్ల ఆయనకి గుండెల దాకా వచ్చింది. రామమోహనరావు గబగబా వచ్చి ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"మీరు లేవకండి మాస్టారూ. మీ అందమంతా కూర్చోవడంలోనే ఉంది" అన్నాడు.

ఆ చెయ్యి అప్పట్నుంచీ ఆయన భుజం మీదే ఉండిపోయింది. తెలుగు సినిమా కథ ఢిల్లీ దాకా వచ్చిందంటే చాలు, రామమోహనరావు ఫోను చేసి "బల్ల సిద్ధం ధర్మయ్యగారూ" అనేవాడు. కాళ్లు ఎలాగూ కనపడవు కాబట్టి పైన కోటు, టై, కింద గళ్ల లుంగీ. ఢిల్లీ జూన్ ఎండల్లో అది ఒక సుఖం. ఓసారి ఆయన సైన్యాధిపతిగా మ్యాపు ముందు కూర్చుని "దాడి మొదలుపెట్టండి" అంటుండగా, కిటికీలోంచి రెండు కోతులు దూకాయి. యూనిట్టంతా పరుగు పెట్టింది. సైన్యాధిపతి కూడా ఛాతీ నిండా పతకాలతో, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన లుంగీతో అందరికన్నా ముందు పరుగెత్తాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ధర్మయ్యగారి మనసులో ఒక బాధ ఉండేది. తెర మీద చూసినవాళ్లెవరూ ఆయన్ని బయట గుర్తుపట్టరు. సినిమా చూసొచ్చి, గల్లాపెట్టె దగ్గర నిలబడి ఉన్న ఆయన్నే "అంకుల్, అందులో జడ్జి మీ అన్నయ్యా?" అని అడిగిన పిల్లలున్నారు. అవునని చెప్పేవారాయన. లేని అన్నయ్య గొప్పతనానికి పొంగిపోవాలో, ఏడవాలో తెలిసేది కాదు. ఆయనకి మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్కసారి, ఒకే ఒక్క సినిమాలో, తల నుంచి పాదాల దాకా కనపడుతూ నడవాలి. ఇదీ ధర్మయ్య అని జనం చూడాలి.

అలాంటి సమయంలో జశ్వంత్ అనే కొత్త దర్శకుడు హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేశాడు. ధర్మయ్యగారు యథాప్రకారం గల్లాపెట్టె వెనక కూర్చుని ఉన్నారు.

"సర్, మీ కోర్టు సీన్లన్నీ చూశాను. మా హీరోకి తండ్రి మీరే" అన్నాడు జశ్వంత్. "కొడుకుని కాలేజీలోంచి పంపించేస్తారు. ఇంటికి రావడానికి మొహం చెల్లక రోడ్డు పక్కన కూర్చుంటాడు. మీరు బస్సు దిగి, ఆ పొడవాటి రోడ్డంతా నడుచుకుంటూ వాడి దగ్గరికి వస్తారు. తిట్టరు. భుజం మీద చెయ్యేసి, 'పద, అన్నం తిందాం' అంటారు. అంతే. నా సినిమా మొత్తానికీ ఆ నడకే ప్రాణం సర్. దూరం నుంచి, ఒకే షాట్‌లో తీస్తాను."

"నడవాలా?" అన్నారు ధర్మయ్యగారు.

"నడవాలి సర్."

"కుర్చీ ఉండదా?"

"రోడ్డు మీద కుర్చీ ఎందుకుంటుంది సర్?"

ఫోను పెట్టేశాక ధర్మయ్యగారు వంటింట్లోకి పరుగెత్తారు. సంతోషం పట్టలేక కమలాకుమారి చేతిలో గరిటె లాక్కుని సాంబారు తిప్పేశారు. ఆవిడ అంతా విని, పొయ్యి తగ్గించి, ఒక్క ప్రశ్న వేసింది.

"మీ ఎత్తు సంగతి ఆ అబ్బాయికి తెలుసా?"

ధర్మయ్యగారి ముఖంలో కళ తప్పింది. ఆ దర్శకుడు చూసింది కూర్చున్న ధర్మయ్యని.

"చెప్పెయ్యండి ఇప్పుడే."

"చెబితే తీసేస్తాడు కమలా."

"తీసేస్తే తీసేస్తాడు. అక్కడికెళ్లాక తీసేస్తే ఇంకా బాగుంటుందా?"

"కూర్చున్న ధర్మయ్యకి అందరూ దణ్ణాలు పెడుతున్నారే. ఈ నిలబడే ధర్మయ్యని కూడా ఒక్కసారి చూపించాలని ఉంది నాకు" అన్నారాయన. కమలాకుమారి ఆయన చేతిలోంచి గరిటె వెనక్కి తీసుకుంది.

ఈ వార్త మెస్సులో ఎలా పొక్కిందో గానీ, సాయంత్రానికల్లా ఇద్దరు ఆయన శిక్షణ బాధ్యత నెత్తిన వేసుకున్నారు. ఒకడు సాయిచరణ్. సిద్దిపేటవాడు, ముప్పై దాటినవాడు, సివిల్స్ ఇంటర్వ్యూ దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చినవాడు. స్ట్రాటజీ లేకుండా మంచినీళ్లు కూడా తాగడు. రెండోది తేజశ్రీ. ప్రొద్దుటూరు పిల్ల, నాలుగు రంగుల పెన్నులు జడలో పెట్టుకుని తిరుగుతుంది.

"ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్" అన్నాడు సాయిచరణ్. "నడుసుడు గూడ ఒక సిలబసే. ప్రిలిమ్స్‌ల కాళ్లు, మెయిన్స్‌ల చేతులు, ఇంటర్వ్యూల మొఖం. ప్రిలిమ్స్ గట్టెక్కకుంట మెయిన్స్ దిక్కు సూడొద్దు."

"ఆప్షనల్ ఏం తీసుకుంటారు అంకుల్, కన్నీళ్లా, దగ్గా?" అంది తేజశ్రీ. "ఈ మధ్య దగ్గుకే మార్కులు బాగా ఏస్తాండారంట."

ధర్మయ్యగారు ఆలోచించి దగ్గు తీసుకున్నారు.

మర్నాటి నుంచి గోడ మీద టైమ్ టేబుల్ వెలిసింది. పాత సినిమాల్లో తండ్రులు నడిచిన సీన్లన్నీ పోగేసి, వాటికి ప్రీవియస్ పేపర్లని పేరు పెట్టారు. సాయిచరణ్ వాటిని రాత్రింబవళ్లు పరిశోధించి, బాధలో ఉన్న తండ్రులు ఎక్కువగా ఎడమ కాలితో బయల్దేరతారని తేల్చాడు. కోపంలో ఉన్నవాళ్లు కుడి కాలట. చేతులు మరీ ఊపితే నెగిటివ్ మార్కింగ్. తేజశ్రీ మడమకి ఎరుపు, బొటనవేలికి ఆకుపచ్చ, మోకాలికి నీలం రంగు కేటాయించి బొమ్మలు గీసింది. తన ఒంట్లో ఇన్ని భాగాలున్నాయని ధర్మయ్యగారికి అప్పుడే తెలిసింది.

పొద్దున్నే పార్కులో మాక్ టెస్టు జరిగేది. ఆయన నడిచేవారు, సాయిచరణ్ పక్కనే వెనక్కి నడుస్తూ "మడమ, మడమ!" అని అరిచేవాడు. అక్కడ నవ్వుల క్లబ్బులో పొద్దున్నే పగలబడి నవ్వే పంజాబీ ఆంటీలు ఆయన్ని చూసి నవ్వడం మానేశారు. వాళ్లలో ఒకావిడ జాలిగా దగ్గరికొచ్చి, "అంకుల్‌జీ, ఘుట్నోఁ మే దర్ద్ హై క్యా?" అని అడిగింది. మోకాళ్ల నొప్పి కాదమ్మా, నటన అని ఆయన చెప్పేలోగా ఆవిడ చెయ్యెత్తి ఆశీర్వదించి వెళ్లింది. తర్వాతి రోజు ఓ సీసాడు ఆవనూనె తెచ్చిచ్చింది.

ఈ చదువు ముదిరి ముదిరి చివరికి ధర్మయ్యగారికి మామూలుగా నడవడం కూడా చేతకాకుండా పోయింది. పెరుగు తేవడానికి బయల్దేరి గల్లీ మధ్యలో ఆగిపోయారు. ఇప్పుడు వెయ్యాల్సింది ఎడమ కాలా, కుడి కాలా? తను పెరుగు కోసం బాధతో వెళుతున్నాడా, కోపంతో వెళుతున్నాడా? వెనక ఈ-రిక్షాలు ఆగిపోయి హారన్లు మోగించాయి.

"చలో భాయీ సాబ్, చలో!" అని అరిచాడు ఓ రిక్షావాడు.

"ఏ కాలితో?" అన్నారు ధర్మయ్యగారు తెలుగులో. చివరికి వాడే దిగి, చెయ్యి పట్టుకుని గోడ పక్కన నిలబెట్టి వెళ్లాడు.

కమలాకుమారి ఆ పూట ఇద్దరు గురువులకీ అప్పడం వెయ్యలేదు. "శుభ్రంగా నడిచే మనిషిని మీ చేతుల్లో పెడితే, ఆయనకి ఇంకో అటెంప్టు కావాలనేట్టు చేశారు కదర్రా!" అంది.

"లాస్ట్ మినిట్ టెన్షన్ ఆంటీ, అందరికి గిట్లనే ఉంటది" అన్నాడు సాయిచరణ్, అప్పడం లేని కంచం వైపు చూస్తూ.

ఎత్తు సంగతికి మందు తేజశ్రీ కనిపెట్టింది. లోపల అట్టలు పెట్టి మడమలు లేపిన బూట్లు ఆన్‌లైన్లో తెప్పించింది. వాటిలో నిలబడితే ధర్మయ్యగారికి ఫ్రిజ్ పైన ఏముందో మొట్టమొదటిసారి కనపడింది. అక్కడ దుమ్ము ఉంది. అయినా ఆయన చాలాసేపు చూశారు.

షూటింగు రోజు రానే వచ్చింది. గ్రేటర్ నోయిడాలో, ఇంజనీరింగ్ కాలేజీలు దాటాక, అటూ ఇటూ పొదలు తప్ప ఏమీ లేని ఓ పొడవాటి రోడ్డు. యూనిట్‌కి భోజనాలు కమలాకుమారి మెస్సువే, అంచేత ఆవిడా వ్యానులో గిన్నెలతో వచ్చింది. గురువులిద్దరూ ఎలాగూ వచ్చారు. పరీక్షకి ఖాళీ కడుపుతో వెళ్లాలని సాయిచరణ్ పట్టుబట్టడంతో ధర్మయ్యగారికి టీ చుక్క కూడా దక్కలేదు.

ఈ సినిమాకీ ప్రొడక్షన్ మేనేజరైన రామమోహనరావు ఆయన్ని చూడగానే కళ్లు నులుముకున్నాడు. ఇప్పుడు ముసలివాడయ్యాడు గానీ చూపు తగ్గలేదు.

"ఏవండోయ్, ఎప్పుడు పెరిగారు మీరు?"

"మాట్లాడకండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అన్నారు ధర్మయ్యగారు పళ్ల బిగువున.

మంచు విడిచేదాకా ఆగి, కెమెరాలు పెట్టారు. రోడ్డు మొత్తం కనపడేట్టు దూరంగా ఒకటి, మొహం కోసం పక్కన ఇంకొకటి. హీరో కల్వర్టు గట్టు మీద తల దించుకుని కూర్చున్నాడు. జశ్వంత్ యాక్షన్ అన్నాడు.

ధర్మయ్యగారు బయల్దేరారు. ఎడమ కాలితో పాటు ఎడమ చెయ్యి కూడా ముందుకెళ్లింది. కుడి కాలితో కుడి చెయ్యి. కట్ అన్నారు. రెండోసారి పొరపాటున కుడి కాలు ముందు పడింది. అది కోపం కదా అని గుర్తొచ్చి, ఆయన నడి రోడ్డు మీద ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ఎడమ కాలితో బయల్దేరారు. మూడోసారి అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా ఆప్షనల్ గుర్తొచ్చి దగ్గారు. ఆ దగ్గుకి బూటు మెలి తిరిగి, అలవాటు ప్రకారం కూర్చుండిపోయారు.

జశ్వంత్ పరుగెత్తుకొచ్చాడు. బూటు ఊడి, అట్టలు రోడ్డు మీద పడి ఉన్నాయి. ధర్మయ్యగారు రెండో బూటు కూడా తనే విప్పి, వట్టి కాళ్లతో లేచి నిలబడ్డారు. ప్యాంటు అంచులు తారు మీద జీరాడాయి. దర్శకుడు ఆయన తల కోసం పైన వెతికి, చూపు కిందికి దించుకున్నాడు.

"ఇదీ బాబూ నా ఎత్తు. ముందే చెప్పాల్సింది. చెబితే పిలవరని చెప్పలేదు" అన్నారు ధర్మయ్యగారు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోతున్నాయి.

జశ్వంత్ నుదురు రుద్దుకున్నాడు. అప్పుడు రామమోహనరావు, నిజంగా మేలు చేద్దామనే ఉద్దేశంతోనే, గొంతు సవరించుకున్నాడు.

"సర్, ఓ మాట. చక్రాల కుర్చీ పెట్టేద్దామా? తండ్రి కాళ్లు లేనివాడు. చేతుల్తో చక్రం తిప్పుకుంటూ అంత దూరం కొడుకు కోసం వస్తాడు. ఆడవాళ్లు చచ్చేట్టు ఏడుస్తారు."

జశ్వంత్ కళ్లు మెరిశాయి. "అరె, బాగుందే! పక్కన ఆస్పత్రి ఉందిగా, ఒకటి తెప్పించండి" అన్నాడు.

ముప్పయ్యేళ్లు బల్ల వెనక కూర్చున్నది చాలక, ఇప్పుడు కుర్చీకి చక్రాలు బిగించి రోడ్డు మీదికి తెస్తున్నారు. జీవితంలో ఏ దర్శకుడికీ ఎదురు చెప్పని మనిషి, కూర్చో అంటే కూర్చుని, మూయి అంటే ఫైలు మూసిన మనిషి, మొదటిసారి తల అడ్డంగా ఊపారు.

"నేను కూర్చోను బాబూ. నాకు రెండు కాళ్లున్నాయి. పొట్టివే, కాదనను. కానీ అవీ కాళ్లే. ఇంకొక్కసారి నడవనివ్వండి. బాగోకపోతే ఇంటికి పోతాను, కుర్చీలో మీకిష్టమైనవాణ్ణి పెట్టుకోండి."

జశ్వంత్ కాసేపు ఆయన్ని చూసి, సరేనన్నాడు. ఎవరో ప్యాంటు అంచులు లోపలికి మడిచి పిన్నీసులు పెట్టారు. తేజశ్రీ తన చెప్పులిచ్చింది, అవి సరిగ్గా సరిపోయాయి.

ఈసారి బయల్దేరేముందు ధర్మయ్యగారు సిలబస్ గుర్తు తెచ్చుకోబోయారు. మడమ ఎరుపా, ఆకుపచ్చా? సరిగ్గా అప్పుడే రోడ్డు చివర, హీరో కూర్చున్న కల్వర్టుకి అవతల, కమలాకుమారి భోజనాల వేళయిందని సాంబారు గిన్నె మూత తీసింది. గాలి ఇటే వీచింది. తెల్లవారుజామున లేచిన పొట్ట, టీ కూడా ఎరగని పొట్ట. వాసన ముక్కుకి తగలగానే ధర్మయ్యగారు ప్రిలిమ్స్ మర్చిపోయారు, మెయిన్స్ మర్చిపోయారు, అసలు కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయారు. ఆ చివర అన్నం ఉంది, కమల ఉంది. ఆయన నడిచారు. ఏ కాలు ముందు పడిందో ఆయనా చూసుకోలేదు. పొట్టి కాళ్లు గబగబా పడుతూ, మధ్యలో కొంచెం తడబడుతూ, రోడ్డంతా దాటి కల్వర్టు దగ్గరికొచ్చాయి. అక్కడ ఎవరో కుర్రాడు తల దించుకుని కూర్చుని ఉన్నాడు. పాపం వీడూ తిన్నట్టు లేదు అనిపించింది. భుజం మీద చెయ్యేశారు.

"పద, అన్నం తిందాం" అన్నారు.

హీరో నిజంగానే ఏడ్చేశాడు. జశ్వంత్ కట్ చెప్పడం మర్చిపోయాడు. కెమెరా ఇంకా తిరుగుతుండగానే ధర్మయ్యగారు హీరోని రెక్క పట్టుకుని లేపి, గిన్నెల దగ్గరికి తీసుకుపోయారు. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. సాయిచరణ్ కళ్లు తుడుచుకుని, "ఇది నా స్ట్రాటజీ గాదు" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

సినిమా ఎండాకాలంలో విడుదలైంది. నోయిడాలో ఓ మాల్‌లో ఆదివారం తెలుగు ఆట వేస్తున్నారని తెలిసి కమలాకుమారి మెస్సు మూసేసింది. మెట్రో దిగి అందరూ రెండు వరసలు నిండేట్టు కూర్చున్నారు. మిగతా హాలు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు, వాళ్లతో వచ్చిన హిందీ స్నేహితులు. ధర్మయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అస్తమానూ చేతులు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఇవాళ అందరూ చూస్తారు. అన్నయ్యని కాదు, తనని.

సీను వచ్చింది. రోడ్డు, పొదలు, తల దించుకున్న కొడుకు. ఆ తర్వాత తెర నిండా ధర్మయ్యగారు.

చొక్కా మూడో బొత్తాం నుంచి పైకి.

ఎడిటింగ్ గదిలో ఎవరికేం తోచిందో, పక్కనున్న రెండో కెమెరా తీసిన మొహాన్నే సినిమాలో పెట్టారు. తెర మీద పెద్ద తల, భుజాలు మెల్లగా పైకీ కిందికీ ఊగుతూ వస్తున్నాయి. కాళ్లు లేవు. రోడ్డు లేదు. అడుగుల చప్పుడు మాత్రం వినపడుతోంది. చూసేవాళ్లకి ఆయన నడుస్తున్నాడో, జీపులో కూర్చుని వస్తున్నాడో తెలిసే వీలు లేదు.

"గిదేంది..." అన్నాడు సాయిచరణ్. తేజశ్రీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ధర్మయ్యగారికి ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి ఇలా ఏడుపేమిటని ఆపుకోబోయారు, ఆగలేదు. తెర మీద ఆ పెద్ద మొహం వస్తూనే ఉంది, చాలా పొడవాటి రోడ్డు అది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారంటే ఆయనా చెప్పలేరు. కూర్చుని చూడలేకపోయారు, అంతే.

"అంకుల్, బైఠ్ జాయియే!" అని వెనక వరస నుంచి ఎవరో అన్నారు. "కూర్చోండి సర్, కనపడట్లేదు!" అని ఇంకెవరో అన్నారు.

"కూర్చోను" అన్నారు ధర్మయ్యగారు.

కమలాకుమారి ఆయన చొక్కా పట్టుకుని లాగబోయి, తలెత్తి ఆయన ముఖం చూసింది. చొక్కా వదిలేసింది. కొంగు సర్దుకుని తనూ లేచి ఆయన పక్కన నిలబడింది. ఆంటీ లేచాక మెస్సువాళ్లు కూర్చుంటారా? సాయిచరణ్ లేచాడు, తేజశ్రీ లేచింది, రెండు వరసలూ లేచాయి. ముందు ఇంతమంది ఒక్కసారిగా లేవడం చూసి వెనకవాళ్లు కంగారు పడ్డారు. జాతీయగీతం ఏమైనా వస్తోందా, మనం వినలేదా అని ఒకాయన ఒళ్లో పాప్‌కార్న్ కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన, ఆయన్ని చూసి ఆ వరసంతా లేచింది. "క్యా హువా?" అని ఒకరంటే, "పతా నహీ, సబ్ ఖడే హైఁ" అని, ఏమో అందరూ నిలబడ్డారని, ఇంకొకరు. క్షణంలో హాలంతా నిలబడింది. కొందరు చేతులు ఒంటికి ఆనించి అటెన్షన్‌లో కూడా ఉన్నారు.

టార్చిలైటు పట్టుకుని హాలు కుర్రాడు ఒకడు పరుగెత్తుకొచ్చాడు. హాల్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని వాడి భయం.

"క్యా హో రహా హై, ఆంటీజీ?" అన్నాడు.

కమలాకుమారి తెర వైపు నుంచి చూపు తిప్పలేదు. ఇన్నేళ్ల ఢిల్లీ కాపురంలో కూడబెట్టుకున్న హిందీ అంతా వాడి చెప్పింది.

"హమారే ఆయన చల్ రహే హైఁ భయ్యా. ఆప్ భీ థోడా ఖడే రహో."

ఆవిడ భర్త నడుస్తున్నది ఎక్కడా అని కుర్రాడు తెర మీద మొహాన్ని చూశాడు. టార్చి తిప్పి పక్కన నిలబడ్డ మనిషిని తల నుంచి పాదాల దాకా చూశాడు. "అరే, యే తో వహీ హైఁ!" అన్నాడు, ఆయనే ఈయనని పోల్చుకుని.

లైటు ఆర్పేసి, గోడ పక్కన వాడూ నిలబడ్డాడు.